అమెరికా, చైనా టారిఫ్ గొడవలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా చైనా మీద మళ్ళీ ఏదో శాతం టారిఫ్ (దిగుమతి సుంకం) వేసిందని వార్త వచ్చిన ప్రతిసారీ జనం నన్ను అవే డౌట్లు అడుగుతుంటారు, నేనూ అవే జవాబులు టైప్ చేసి చేసి విసిగిపోయా. అందుకే అన్నీ ఒకచోట పెట్టేశా. వరుసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఎక్కడుంటే అక్కడికి వెళ్ళిపోండి, ఏ జవాబుకి ఆ జవాబు సరిపోయేలానే రాశా. మధ్యమధ్యలో నా అభిప్రాయాలు కూడా దూరాయి, సర్దుకుపోండి.

## మొట్టమొదటి డౌట్లు

అసలు టారిఫ్ డబ్బు కట్టేది ఎవరండీ? చైనానా, అమెరికానా?

అమెరికా టారిఫ్ వేస్తే, ఆ సరుకు తెప్పించుకునే అమెరికా కంపెనీయే కట్టాలి. చైనా ప్రభుత్వానికి ఏ బిల్లూ పోదు. కంటైనర్ పోర్టులోకి వచ్చేటప్పుడు ఇంపోర్టర్ ముఖ్యంగా మూడు విషయాలు చెప్పాలి: అది ఏ వస్తువు (ప్రతిదానికీ హెచ్‌ఎస్ కోడ్ అనే ఒక నంబర్ ఉంటుంది), విలువెంత, ఏ దేశంలో తయారైంది. ఈ మూడింటి మీదే సుంకం లెక్క తేలుతుంది, ఆ డబ్బు అమెరికా ఖజానాకి పోతుంది. పక్కింటాయన మీద కోపంతో మనింట్లో వాళ్ళ దగ్గరే జరిమానా వసూలు చేసినట్టు ఉంటుంది చూడ్డానికి. కాకపోతే కట్టినవాడే చివరిదాకా మోస్తాడని లేదు. ఇంపోర్టర్ "సగం నువ్వు తగ్గించుకో" అని చైనా ఫ్యాక్టరీతో బేరం ఆడొచ్చు, లేదా కస్టమర్ నెత్తిన రుద్దొచ్చు, లేదా లాభం తగ్గించుకోవచ్చు. 2018, 2019 టారిఫ్‌ల విషయంలో ఎకనామిస్టులు దిగుమతి రేట్ల డేటా తవ్వి చూస్తే చైనా వాళ్ళు రేట్లు పెద్దగా తగ్గించనే లేదు, భారం దాదాపు మొత్తం అమెరికా వైపే పడిందని తేలింది.

అయితే చైనాకి నష్టమే లేదన్నమాట?

ఉంది, ఎందుకు లేదు. రేటు తగ్గించకపోయినా ఆర్డర్లు తగ్గుతాయి కదా. ఇంపోర్టర్ వచ్చే సీజన్‌కి వేరే దేశంలో సప్లయర్‌ని వెతుక్కుంటాడు, ఆ ఫ్యాక్టరీలో షిఫ్టులు తగ్గుతాయి, ఓవర్‌టైమ్ పోతుంది. అమెరికా దిగుమతుల్లో చైనా వాటా 2017లో 21 శాతం పైన ఉండేది, 2024కి 13 శాతం దగ్గరికి పడిపోయింది, అది చిన్న దెబ్బ కాదు. ఇంకో సంగతి, టారిఫ్ పడిన దేశం కరెన్సీ కూడా మెత్తబడుతుంది. 2018 మొదట్లో డాలర్‌కి 6.3 యువాన్లు ఉండేవి, 2019 ఆగస్టుకి 7 దాటేసింది, వెంటనే అమెరికా చైనాని కరెన్సీ మానిప్యులేటర్ అని ప్రకటించింది. యువాన్ విలువ తగ్గితే చైనా సరుకు డాలర్లలో చవకవుతుంది, టారిఫ్ దెబ్బలో కొంత అక్కడ సర్దుకుపోతుంది, కానీ వాళ్ళు బయట కొనుక్కునే ప్రతిదీ ఖరీదవుతుంది.

25 శాతం టారిఫ్ అంటే షాపులో రేటు కూడా 25 శాతం పెరగాలి కదా?

అక్కర్లేదు. టారిఫ్ పడేది సరిహద్దు దగ్గర చూపించిన విలువ మీద, షాపు రేటు మీద కాదు. ఉదాహరణకి ఒక సైకిల్ దిగుమతి విలువ 100 డాలర్లు, షాపులో అమ్మేది 250కి అనుకోండి. టారిఫ్ 25 డాలర్లు, అదంతా కస్టమర్ మీద వేసినా రేటు 275, అంటే పెరిగింది 10 శాతమే. అయితే దీనికి రివర్స్ కూడా జరుగుతుంది. 2018 జనవరిలో అమెరికా బయటి దేశాల వాషింగ్ మెషీన్ల మీద టారిఫ్ ప్రకటించింది, వాటి రేట్లు దాదాపు 12 శాతం పెరిగాయి. విచిత్రం ఏంటంటే బట్టలు ఆరబెట్టే డ్రయర్ల మీద ఏ టారిఫూ లేదు, వాటి రేట్లు కూడా దాదాపు అంతే పెరిగాయి. ఎందుకంటే జనం అక్కడ రెండూ జతగా కొంటారు, కంపెనీలు పెంపుని రెంటి మీదా పంచేశాయి, లోకల్ కంపెనీలు కూడా పోటీ తగ్గింది కదా అని పెంచేసుకున్నాయి.

ఒక్క దేశాన్నే టార్గెట్ చేసి టారిఫ్ వేయొచ్చా? డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) ఏం చేస్తోంది?

రూల్ ప్రకారం అయితే వేయకూడదు. 1947లో 23 దేశాలు సంతకం పెట్టిన గాట్ అనే వాణిజ్య ఒప్పందంలో మొదటి ఆర్టికలే అది, ఒక సభ్యదేశానికి ఇచ్చిన తక్కువ రేటు మిగతా సభ్యులందరికీ ఇవ్వాలి. ఆ ఒప్పందం మీదే 1995లో డబ్ల్యూటీఓ వచ్చింది, చైనా 2001 డిసెంబర్‌లో చేరింది. మినహాయింపులు ఉన్నాయి, దేశ భద్రత అనేది అందులో పెద్ద తలుపు, ఎవరైనా అందులోంచి దూరిపోవచ్చు. ఇక పంచాయితీ సంగతి చెప్పాలంటే, కింది ప్యానెల్ తీర్పు ఇచ్చినా ఓడినవాళ్ళు అప్పీల్‌కి వెళ్తారు, ఆ అప్పీల్ వినడానికి కనీసం ముగ్గురు సభ్యులు ఉండాలి, కొత్తవాళ్ళ నియామకాన్ని అమెరికా అడ్డుకుంటూ రావడంతో 2019 డిసెంబర్ నుంచి ఆ బెంచ్ పనిచేయట్లేదు. కాబట్టి ఓడిపోయిన దేశం అప్పీల్ వేసేసి చేతులు దులిపేసుకోవచ్చు, కేసు అక్కడే వేలాడుతూ ఉంటుంది. పెద్ద దేశాలకి ఇది బాగానే కలిసొచ్చింది, చిన్న దేశాలకే పాపం.

అమెరికాలో ప్రెసిడెంట్ ఒక్కడే సంతకం పెట్టి టారిఫ్ ఎలా వేసేస్తాడు?

రాజ్యాంగం ప్రకారం సుంకాలు వేసే అధికారం కాంగ్రెస్‌దే (అంటే అక్కడి పార్లమెంటుదే), కానీ వాళ్ళే ఏళ్ళ తరబడి చట్టాలు చేసి ముక్కలు ముక్కలుగా ప్రెసిడెంట్‌కి ఇచ్చేశారు. 1962 చట్టంలో సెక్షన్ 232 దేశ భద్రత పేరుతో (స్టీల్, అల్యూమినియం దీని కిందే), 1974 చట్టంలో సెక్షన్ 301 అన్యాయమైన వ్యాపార పద్ధతుల పేరుతో (2018 చైనా టారిఫ్‌లు దీని కింద). ఈ రెంటికీ ముందు విచారణ, రిపోర్టు లాంటి తతంగం ఉంటుంది. 2025లో వాడింది మాత్రం 1977 నాటి ఎమర్జెన్సీ చట్టం, అందులో అసలు టారిఫ్ అనే మాటే లేదు. అందుకే కోర్టు కేసులు పడ్డాయి, ట్రేడ్ కోర్టు మే నెలలో, అప్పీల్ కోర్టు ఆగస్టులో ఆ చట్టం కింద వేసిన టారిఫ్‌లు చెల్లవన్నాయి, విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఏ చట్టం కింద వేశారన్నది లాయర్ల గోలలా అనిపిస్తుంది గానీ, ఒక టారిఫ్ ఎన్నాళ్ళు నిలబడుతుందో తేల్చేది అదే.

## గొడవ మొదలైనప్పుడు

అమెరికా, చైనా గొడవ వరుసగా ఎలా పెరిగిందో చెప్తారా?

2018 జులై 6న అమెరికా 34 బిలియన్ డాలర్ల చైనా సరుకు మీద 25 శాతం వేసింది, అదే రోజు చైనా అంతే విలువ మీద అంతే వేసింది. ఆగస్టులో ఇంకో 16 బిలియన్, అటూ ఇటూ. సెప్టెంబర్‌లో అమెరికా 200 బిలియన్ల సరుకు మీద 10 శాతం వేస్తే చైనా 60 బిలియన్ల దగ్గరే ఆగిపోయింది, ఎందుకంటే చైనా అమెరికా దగ్గర కొనేదే తక్కువ, వేయడానికి సరుకు చాలలేదు! 2019 మేలో ఆ 10ని 25 చేశారు. 2020 జనవరిలో ఫేజ్ వన్ (మొదటి విడత) ఒప్పందం. బైడెన్ వచ్చాక పోతాయనుకున్నారు, పోలేదు, 2024లో చైనా ఎలక్ట్రిక్ కార్ల మీద ఏకంగా 100 శాతం చేశారు. 2025 ఫిబ్రవరిలో ఫెంటనిల్ డ్రగ్ పేరు చెప్పి 10, మార్చిలో అది 20, ఏప్రిల్‌లో పంతానికి పోయి వారం రోజుల్లో 145. చైనా 125. మేలో జెనీవాలో కూర్చుని అమెరికా 30కి, చైనా 10కి దిగాయి. అక్టోబర్‌లో మళ్ళీ రాజుకుంది, 30న దక్షిణ కొరియా బుసాన్‌లో ట్రంప్, షీ జిన్‌పింగ్ కలిశాక చల్లబడింది.

ట్రేడ్ డెఫిసిట్ (వాణిజ్య లోటు, అంటే బయటికి అమ్మేదానికంటే బయట కొనేది ఎక్కువ) ఉందంటే ఆ దేశం ఓడిపోతున్నట్టేనా?

నా ఉద్దేశంలో ఈ గొడవ మొత్తంలో ఎక్కువ తప్పుగా అర్థమయ్యేది ఇదే. రెండు దేశాల మధ్య లోటుని క్రికెట్ స్కోర్‌లా చూస్తారు, అది స్కోర్ కాదు. చైనాతో అమెరికా సరుకుల లోటు 2018లో 418 బిలియన్ డాలర్ల దాకా ఉండేది, 2024కి 295 బిలియన్లకి తగ్గింది. గెలిచినట్టేనా మరి? అదే టైంలో అమెరికా మొత్తం సరుకుల లోటు పెరిగి 2024లో 1.2 ట్రిలియన్ల దగ్గరికి చేరింది. చైనా నుంచి రావాల్సింది మెక్సికో నుంచి, వియత్నాం నుంచి వచ్చింది అంతే. బెలూన్‌ని ఒకవైపు నొక్కితే ఇంకోవైపు ఉబ్బుతుంది. ఒక దేశం మొత్తం లోటు అనేది ఆ దేశం సంపాదించే దానికంటే ఎంత ఎక్కువ ఖర్చు పెడుతోంది, ఎంత తక్కువ దాస్తోంది అన్నదాని మీద ఆధారపడుతుంది, టారిఫ్ దాని జోలికి పోదు. చైనా వైపు చూసినా అంతే, 2024లో వాళ్ళ మొత్తం మిగులు ట్రిలియన్ డాలర్లకి దగ్గరగా వచ్చింది, ఆరేళ్ళు టారిఫ్‌లు వేశాక!

## ఎదురు దెబ్బలు

చైనా ఎప్పుడూ సోయాబీన్ మీదే ఎందుకు పడుతుంది?

అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టే, కాకపోతే లెక్క వేసుకుని చూపిస్తారు. ఎదురు టారిఫ్ వేసేటప్పుడు రెండు చూస్తారు: నాకు వేరే చోట దొరకాలి, అవతలి నాయకుడికి ఓట్లు పడే చోట నొప్పి తగలాలి. సోయాబీన్ ఈ రెంటికీ సరిపోయింది, అమెరికాలో పండించేది ఎక్కువగా ట్రంప్‌కి ఓటేసిన రాష్ట్రాల్లో, ప్రత్యామ్నాయంగా బ్రెజిల్ రెడీగా ఉంది. 2017లో అమెరికా చైనాకి 12 బిలియన్ డాలర్ల సోయా అమ్మింది, 2018లో 3 బిలియన్లే. రైతులని ఆదుకోడానికి అమెరికా ప్రభుత్వం 2018లో 12 బిలియన్లు, 2019లో 16 బిలియన్ల ప్యాకేజీలు ప్రకటించాల్సొచ్చింది. యూరప్ కూడా ఇదే పద్ధతి, 2018లో స్టీల్ టారిఫ్‌కి జవాబుగా హార్లీ డేవిడ్సన్ బైకులు, బర్బన్ విస్కీ, జీన్స్ మీద వేసింది. బర్బన్ అంటే కెంటకీ, సెనేట్‌లో అప్పటి మెజారిటీ నాయకుడిది ఆ రాష్ట్రమే. యాదృచ్ఛికం అనుకునేవాళ్ళు ఎవరూ లేరు.

టారిఫ్ అమల్లోకి వచ్చే టైంకి సరుకు నడి సముద్రంలో ఉంటే ఏమవుతుంది?

ప్రభుత్వం ఇచ్చిన టారిఫ్ ఆర్డర్‌లో ఏం రాశారో దాన్ని బట్టి. కొన్నిసార్లు "ఫలానా తేదీకి ముందు ఓడెక్కిన సరుకుకి వర్తించదు" అని మినహాయింపు ఇస్తారు, 2025 ఏప్రిల్‌లో అమెరికా అలాగే ఇచ్చింది. ఇవ్వకపోతే మాత్రం పరుగు పందెమే. పీక్ పెగసస్ అనే ఓడ కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2018 జూన్‌లో దాదాపు 70 వేల టన్నుల సోయాబీన్‌తో అమెరికా నుంచి బయల్దేరింది, జులై 6 లోపు చైనాలో దాలియన్ పోర్టుకి చేరి క్లియర్ అయితే 25 శాతం తప్పుతుంది. ఫుల్ స్పీడ్‌లో వెళ్ళింది, చైనా సోషల్ మీడియాలో జనం దాన్ని క్రికెట్ మ్యాచ్ చూసినట్టు మ్యాప్‌లో ఫాలో అయ్యారు. కొన్ని గంటల తేడాతో మిస్ అయింది. ఇక అక్కడి నుంచి దాలియన్ బయట సముద్రంలో నెల రోజులకి పైగా తిరుగుతూనే ఉంది, రోజుకి వేల డాలర్ల అద్దె కాలుతూ, చివరికి ఆగస్టులో సరుకు దించింది. టారిఫ్ అనగానే గ్రాఫులు గుర్తొస్తాయి అందరికీ, నాకు మాత్రం ఆ ఓడ గిరగిరా తిరిగిన గీతలే గుర్తొస్తాయి.

145 శాతం, 125 శాతం... ఈ నంబర్లకి అసలు అర్థం ఉందా?

ఒక హద్దు దాటాక లేదు. ఏ వస్తువుకైనా ఒక రేటు ఉంటుంది, అది దాటితే వ్యాపారం పూర్తిగా ఆగిపోతుంది, ఆ తర్వాత 145 అయినా 500 అయినా ఒకటే. 2025 ఏప్రిల్‌లో చైనా 125 దగ్గర ఆగి ఈ మాటే చెప్పింది, ఈ స్థాయిలో అమెరికా సరుకుకి మా దగ్గర మార్కెట్టే ఉండదు, ఇంకా పెంచితే పట్టించుకోం అని. అంటే అది టారిఫ్ కాదు, నిషేధం. ప్రభుత్వానికి ఆదాయం కూడా రాదు, సరుకే రానప్పుడు సుంకం ఎక్కడిది? ఆదాయం కావాలంటే టారిఫ్ తక్కువ ఉండాలి, దిగుమతి ఆపాలంటే ఎక్కువ ఉండాలి, రెండూ కావాలనడం కుదరదు, కానీ రాజకీయ ఉపన్యాసాల్లో మాత్రం ఎప్పుడూ రెండూ కుదిరిపోతాయి.

టారిఫ్ కాకుండా వేరే ఆయుధాలు ఏముంటాయి?

చాలా ఉన్నాయి, అసలు భయం వాటి గురించే. 2025 ఏప్రిల్ 4న చైనా డిస్‌ప్రోసియం, టెర్బియం లాంటి ఏడు రేర్ ఎర్త్ మూలకాలని లైసెన్స్ లేకుండా ఎగుమతి చేయకూడదంది. ప్రపంచంలో రేర్ ఎర్త్ శుద్ధిలో దాదాపు 90 శాతం చైనాలోనే జరుగుతుంది. కారు మోటార్లలో వాడే చిన్న చిన్న మ్యాగ్నెట్లకి ఇవి కావాలి, మే నెలలో అవి దొరక్క షికాగోలో ఫోర్డ్ ప్లాంట్ వారం పాటు ఆగింది. అమెరికా చేతిలో అడ్వాన్స్‌డ్ చిప్‌లు, వాటిని తయారుచేసే మెషీన్ల మీద కంట్రోల్ ఉంది, 2022 అక్టోబర్ నుంచి గట్టిగా బిగించింది. తేడా గమనించండి. టారిఫ్ అయితే ఎక్కువ డబ్బిచ్చి కొనుక్కోవచ్చు, ఎగుమతి ఆపేస్తే డబ్బున్నా దొరకదు. 2025లో జెనీవా చర్చల్లో, బుసాన్ భేటీలో రెండు వైపులా దిగిరావడానికి టారిఫ్ నొప్పి కంటే ఈ మ్యాగ్నెట్ల నొప్పే ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం.

టారిఫ్ వేసి ఒక దేశాన్ని రాజకీయంగా లొంగదీయొచ్చా?

ఆస్ట్రేలియా కేసు చూడండి. 2020లో కోవిడ్ ఎలా మొదలైందో స్వతంత్ర విచారణ జరగాలని ఆస్ట్రేలియా అడిగింది. చైనా ఆస్ట్రేలియా బార్లీ మీద 80.5 శాతం, వైన్ మీద 200 శాతం పైదాకా సుంకాలు వేసింది, అధికారికంగా కారణం డంపింగ్ (మరీ చవగ్గా తెచ్చి పడేయడం) అని చెప్పింది గానీ టైమింగ్ అందరికీ అర్థమైంది. వైన్ వాళ్ళు నిజంగానే దెబ్బతిన్నారు, బార్లీ వాళ్ళు వేరే మార్కెట్లు వెతుక్కున్నారు. కానీ ఇనుప ఖనిజం జోలికి మాత్రం చైనా పోలేదు, అది లేకపోతే వాళ్ళ స్టీల్ ప్లాంట్లే ఇబ్బంది పడతాయి. ఆస్ట్రేలియా విధానం పెద్దగా మారలేదు, అక్కడ ప్రభుత్వం మారి మాటల వేడి తగ్గాక 2023 ఆగస్టులో బార్లీ, 2024 మార్చిలో వైన్ సుంకాలు ఎత్తేశారు.

## దొడ్డిదారులు

చైనా సరుకు వియత్నాం మీదుగా పంపిస్తే టారిఫ్ ఉండదు కదా?

పెట్టె మార్చి లేబుల్ మార్చి పంపిస్తే అది మోసం, దొరికితే భారీ జరిమానా. రూల్ ఏంటంటే సరుకు ఎక్కడి నుంచి ఓడెక్కింది అన్నది కాదు, ఎక్కడ దానికి అసలు రూపం వచ్చింది అన్నది చూస్తారు. కాకపోతే ఆ అసలు రూపం అనేదే పెద్ద తగువు. చైనా నుంచి విడిభాగాలు తెచ్చి వియత్నాంలో బిగిస్తే అది ఎవరి సరుకు? కొన్నిసార్లు వియత్నాందే, కొన్నిసార్లు చైనాదే, ఎంత పని జరిగిందో చూసి కస్టమ్స్ తేలుస్తుంది. నిజంగా ఫ్యాక్టరీలు తరలిపోయిన కేసులు కూడా బోలెడు, అన్నీ దొంగదారే అనుకోకండి. 2025 జులైలో ట్రంప్ ప్రకటించిన వియత్నాం డీల్‌లో అక్కడి సరుకుకి 20 శాతం, వేరే దేశం నుంచి వచ్చి అక్కడ ఆగి వెళ్ళే సరుకుకి 40 శాతం అన్నారు, ఆ 40 ఎవరి కోసమో పేరు చెప్పక్కర్లేదు.

కంపెనీలు లీగల్‌గానే తప్పించుకునే ట్రిక్కులు ఏంటి?

వస్తువుని కోడ్‌కి తగ్గట్టు మార్చడం, అన్నిటికంటే సరదా అయినది ఇదే. ఒకప్పుడు అమెరికాలో బొమ్మల్లో మనిషి రూపం ఉన్నవాటికి 12 శాతం, మనిషి కానివాటికి 6.8 శాతం సుంకం ఉండేది. ఎక్స్‌మెన్ అనే కామిక్ హీరోల బొమ్మలు దిగుమతి చేసే కంపెనీ కోర్టుకెళ్ళి, ఇవి మనుషులు కాదండీ మ్యూటెంట్లు అని వాదించి 2003లో గెలిచింది! బూట్ల అడుగున పల్చటి ఫెల్ట్ గుడ్డ అతికిస్తే ఇంట్లో వేసుకునే చెప్పుల రేటు పడుతుంది, అదీ జరుగుతుంది. ఇవి కాకుండా సుంకం పెరిగేలోపు గోడౌన్లు నింపేసుకోవడం మామూలే. చిన్న పార్సిళ్ళ దారి కూడా ఒకటుండేది, 800 డాలర్ల లోపు పార్సిల్‌కి సుంకమే లేదు, చైనా ఆన్‌లైన్ షాపులు దాని మీదే బతికాయి, 2025 మే 2న చైనా, హాంకాంగ్ పార్సిళ్ళకి, ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకీ అది మూసేశారు.

వాళ్ళిద్దరూ కొట్టుకుంటే మూడో దేశాలకి లాభమే కదా?

కొందరికి, కొంతకాలం. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు సోయాబీన్‌లో బ్రెజిల్ బాగుపడింది, 2023లో అమెరికాకి ఎక్కువ సరుకు అమ్మే దేశంగా చైనాని దాటి మెక్సికో ముందుకొచ్చింది. కానీ ఆంబోతుల పోట్లాటలో లేగదూడలు నలగడం కూడా ఉంటుంది. అమెరికా తలుపు మూస్తే చైనాలో మిగిలిన సరుకు ఇంకో దేశం మార్కెట్‌లోకి చవగ్గా దిగుతుంది, అక్కడి ఫ్యాక్టరీలు గగ్గోలు పెడతాయి, ఆ దేశం కూడా సుంకం వేస్తుంది. యూరప్ 2024 అక్టోబర్‌లో చైనా ఎలక్ట్రిక్ కార్ల మీద మామూలు 10 శాతానికి అదనంగా 35.3 శాతం దాకా వేసింది, దానికి చైనా కన్ను ఫ్రాన్స్ బ్రాందీ మీద, స్పెయిన్ పంది మాంసం మీద పడింది. అలా ఇద్దరి గొడవ ఊరంతా పాకుతుంది.

## బేరాలు, ఒప్పందాలు

ఒప్పందం కుదిరిందంటే గొడవ అయిపోయినట్టేనా?

2020 జనవరి 15 నాటి ఫేజ్ వన్ ఒప్పందం చూస్తే అలా అనిపించదు. 2017 లెక్క మీద రెండేళ్ళలో అదనంగా 200 బిలియన్ డాలర్ల అమెరికా సరుకు, సేవలు కొంటామని చైనా సంతకం పెట్టింది. మధ్యలో కోవిడ్ వచ్చింది నిజమే, కానీ ఎకనామిస్టుల లెక్కలో కొనాల్సిన మొత్తంలో 60 శాతం కూడా కొనలేదు, ఆ అదనం అనేది అసలు రానే లేదు. అడిగేవాడూ లేడు. ఇన్ని టన్నులు కొంటాం అనే ఒప్పందాల మీద నాకు నమ్మకం తక్కువ, కొనేది ప్రభుత్వం కాదు కంపెనీలు, చైనాలో అవి ప్రభుత్వం మాట వింటాయి కాబట్టి కొంత జరుగుతుంది. బుసాన్ తర్వాత కూడా 2026 నుంచి మూడేళ్ళ పాటు ఏడాదికి 25 మిలియన్ టన్నుల సోయా అన్నారు, రేర్ ఎర్త్ మీద అక్టోబర్‌లో పెట్టిన కొత్త ఆంక్షలు ఏడాది ఆపారు. ఆపారు, ఎత్తేయలేదు.

ఒకసారి వేసిన టారిఫ్ ఎందుకు తీయరు?

తీస్తే అరిచేవాడు ఉంటాడు, తీసినందుకు థాంక్స్ చెప్పేవాడు ఉండడు. టారిఫ్ నీడలో ఒక లోకల్ కంపెనీ పెరుగుతుంది, దానికి యూనియన్, ఎంపీ, లాబీ అన్నీ ఉంటాయి. నష్టపోయే కస్టమర్లు కోట్లలో ఉంటారు గానీ ఒక్కొక్కరి నష్టం చిన్నది, ఎవరూ రోడ్డెక్కరు. దీనికి నాకు నచ్చిన ఉదాహరణ కోడి మాంసం గొడవ. 1960ల్లో యూరప్ అమెరికా కోడి మీద సుంకం పెంచింది, జవాబుగా అమెరికా 1964 నుంచి బయటి దేశాల చిన్న ట్రక్కుల మీద 25 శాతం వేసింది. కోడి గొడవ అందరూ మర్చిపోయారు, ట్రక్కుల సుంకం అరవై ఏళ్ళు దాటినా ఉంది. దాన్ని తప్పించుకోడానికి ఫోర్డ్ తన డెలివరీ వ్యాన్లకి వెనక సీట్లు, కిటికీలు పెట్టి ప్యాసింజర్ బండి అని దింపి, పోర్టు దాటాక ఆ సీట్లు పీకేసేది. కస్టమ్స్ ఒప్పుకోలేదు, ఏళ్ళ తరబడి కేసు నడిచింది, 2024లో 365 మిలియన్ డాలర్లకి సెటిల్ చేసుకున్నారు.

## తర్వాత ఏమవుతుంది

టారిఫ్‌ల వల్ల ఫ్యాక్టరీ ఉద్యోగాలు వెనక్కి వస్తాయా?

కొన్ని వస్తాయి, ఎంత ఖర్చుకి అన్నదే ప్రశ్న. వాషింగ్ మెషీన్ టారిఫ్‌ల మీద ఎకనామిస్టులు లెక్క కడితే అమెరికాలో సుమారు 1,800 ఉద్యోగాలు వచ్చాయి, కస్టమర్ల మీద ఏడాదికి 1.5 బిలియన్ డాలర్ల భారం పడింది, టారిఫ్ ఆదాయం తీసేసి చూసినా ఒక్కో ఉద్యోగానికి ఏడాదికి 8 లక్షల డాలర్ల పైనే. స్టీల్ ఇంకో రకం, స్టీల్ తయారు చేసేవాళ్ళకంటే స్టీల్ కొని ఏదో చేసేవాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువ, ఒకడికి రక్షణ అంటే మిగతావాళ్ళకి ముడిసరుకు రేటు పెరగడమే. ఫ్యాక్టరీ కట్టడానికి ఏళ్ళు పడుతుంది, టారిఫ్ వారానికోసారి మారుతుంటే ఏ కంపెనీ ధైర్యం చేస్తుంది చెప్పండి.

1930లో టారిఫ్ వల్లే మహా మాంద్యం వచ్చిందంటారు, నిజమేనా?

టారిఫ్ వల్ల రాలేదు, మాంద్యం 1929లోనే మొదలైంది. 1930 జూన్‌లో ప్రెసిడెంట్ హూవర్ సంతకం పెట్టిన స్మూట్ హాలీ చట్టం దాన్ని ఇంకా చెడగొట్టింది, అది కరెక్ట్. వెయ్యి మందికి పైగా ఎకనామిస్టులు వద్దని ఉత్తరం రాశారు, వినలేదు. కెనడా లాంటి దగ్గరి దేశమే ఎదురు సుంకాలు వేసింది. 1929 నుంచి 1933 లోపు ప్రపంచ వాణిజ్యం విలువ మూడింట రెండు వంతులు పడిపోయింది, దానిలో ఎక్కువ భాగం మాంద్యం, ధరల పతనం వల్లే. 1934లో అమెరికానే దారి మార్చుకుని ఒక్కో దేశంతో సుంకాలు తగ్గించే ఒప్పందాలు మొదలుపెట్టింది.

ఇదివరకు జపాన్‌తో కూడా అమెరికా ఇలాగే చేసింది కదా, అప్పుడేమైంది?

చేసింది. 1981లో జపాన్ తనంతట తానే ఏడాదికి 16.8 లక్షల కార్లే పంపిస్తానని ఒప్పుకోవాల్సొచ్చింది, స్వచ్ఛందం అని పేరు, మెడ మీద కత్తి పెట్టి అడిగిన స్వచ్ఛందం. సంఖ్య మీద లిమిట్ పెడితే జపాన్ వాళ్ళు ఖరీదైన కార్లు పంపడం మొదలెట్టారు, ఒక్కో కారు మీద లాభం పెరిగింది. హోండా 1982లో ఒహాయోలోనే కార్లు తయారు చేయడం మొదలుపెట్టింది. 1987లో చిప్‌ల గొడవలో అమెరికా 300 మిలియన్ డాలర్ల జపాన్ ఎలక్ట్రానిక్స్ మీద 100 శాతం వేసింది. అయితే జపాన్ రక్షణ కోసం అమెరికా మీద ఆధారపడిన దేశం, ఒక హద్దు దాటి ఎదురు తిరగలేదు. చైనాకి ఆ మొహమాటం లేదు, ఆ పోలిక అక్కడితో తెగిపోతుంది.

కొత్త టారిఫ్ వార్త చూడగానే ముందు ఏం చూడాలి?

హెడ్‌లైన్‌లో శాతం వదిలేయండి. ఏ తేదీ నుంచి అమలు, పాతదానికి అదనంగానా లేక పాతది కలుపుకునా, మినహాయింపుల లిస్టులో ఏ కోడ్‌లు ఉన్నాయి, ఇవి చూడండి. 2025 ఏప్రిల్‌లో చైనా మీద 145 శాతం అని ప్రపంచమంతా మోగిపోయింది, ఫోన్ల రేట్లు రెండింతలవుతాయని వీడియోలు కూడా వచ్చేశాయి. ఆ వారమే శుక్రవారం రాత్రి అమెరికా కస్టమ్స్ ఒక నోటీసు పెట్టింది, ఉపన్యాసం లేదు, ప్రెస్ మీట్ లేదు, కోడ్‌ల లిస్టు మాత్రమే. అందులో 8517.13 అని ఒక కోడ్ ఉంది, అంటే స్మార్ట్‌ఫోన్లు. ఆ 145లో 125 వాటి మీద లేదు, ఫెంటనిల్ డ్రగ్ పేరుతో వేసిన 20 మాత్రం అప్పటికి ఉండిపోయింది.